అద్దాలు కడిగే పంపు ట్రాలీ: సొంతంగా చేసుకుని పదకొండు నెలలు వాడాక

హన్మకొండలో నేను అద్దాలు కడిగే పని చేస్తాను. షాపుల ముందు గ్లాస్ ఎలివేషన్లు, క్లినిక్‌లు, ఈ మధ్య ఇళ్ల మీద సోలార్ ప్యానెళ్లు కూడా. మనిషిని నేనొక్కణ్నే, పని ఎక్కువైతే మా బామ్మర్ది వస్తాడు. నీళ్ల డబ్బా, బ్యాటరీ, చిన్న పంపు, పైపు, పొడవాటి పోల్‌కి బ్రష్. ఇవన్నీ సామాన్లు మోసే రెండు చక్రాల ట్రాలీకి బిగించుకుని చేసుకున్న బండి ఇది. దీంతోనే పదకొండు నెలలుగా బతుకుతున్నా. ఏ వస్తువుకు పెట్టిన డబ్బు వసూలైంది, ఏది దండగైంది అన్నది రాస్తున్నా.

రెడీమేడ్‌వి దొరుకుతాయి. ఒక డీలర్‌ని అడిగితే పోల్ కాకుండా ట్రాలీ ఒక్కదానికే డెబ్బై రెండు వేలు చెప్పాడు. బ్రిటన్‌లో అద్దాలు కడిగేవాళ్లకి ఇది మామూలు పనిముట్టు. అక్కడ 2005లో ఎత్తులో పనిచేసేవాళ్ల భద్రత కోసం కొత్త నిబంధనలు పెట్టారు. నిచ్చెన ఎక్కకుండా కిందే నిలబడి పోల్‌తో కడిగే పద్ధతికి అవి బాగా కలిసొచ్చాయి. మన దగ్గర ఇప్పటికీ బకెట్, వైపర్, నిచ్చెన. నేనూ మూడేళ్లు నిచ్చెన మీదే చేశా. ఒకరోజు నక్కలగుట్టలో నిచ్చెన కాలు టైల్ మీద జారింది. చేత్తో సన్‌షేడ్ పట్టుకుని వేలాడా కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నుంచే ఈ బండి ఆలోచన.

ముందు పంపు సంగతి. పరకాల దగ్గర మా ఊళ్లో బాపు పత్తికి మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ ఒకటి మూలన పడి ఉంది. పదహారు లీటర్ల ట్యాంకు పగిలింది గానీ లోపల పంపు బాగానే తిరుగుతోంది. నేను దాన్ని విప్పుతుంటే బాపు చూశాడు.

“మందు కొట్టిన పంపుతోని దవఖాన అద్దాలు కడుగుతవారా? మంచిగనే ఉన్నది నీ తెలివి.”

సబ్బు నీళ్లతో నాలుగుసార్లు తిప్పినా ఆ మందు వాసన పోలేదు. లోపల ఉండేది రబ్బరు కదా, పీల్చుకున్నది ఓ పట్టాన వదలదు. ఆ పంపు వాడలేదు, మీరూ వాడకండి. కాకపోతే ఊడదీసి చూడటం వల్ల పంపు ఎలా పనిచేస్తుందో అర్థమైంది. మోటారు ముందు ఒక పలుచటి రబ్బరు డయాఫ్రం ఉంటుంది. మోటారు తిరిగితే అది మన దవడ ఆడినట్టు ముందుకీ వెనక్కీ ఆడుతుంది. వెనక్కి వచ్చినప్పుడు నీళ్లు లోపలికి, ముందుకు పోయినప్పుడు బయటికి. తలకాయ మీద చిన్న ప్రెషర్ స్విచ్ ఉంటుంది. పైపు చివర మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి ఆ స్విచ్ మోటారుని ఆపేస్తుంది. అంతే.

అలాంటిదే కొత్తది సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లి 1,350 రూపాయలకు తెచ్చా. 12 వోల్టులు, ఒత్తిడి 100 పీఎస్ఐ, నిమిషానికి ఐదు లీటర్లని దాని మీద రాసి ఉంది. బకెట్ పెట్టి కొలిస్తే నాలుగుంబావు వచ్చాయి. మనకు అదే ఎక్కువ. అద్దం కడగడానికి నిమిషానికి లీటరున్నర, రెండు లీటర్లు చాలు. ఎత్తు గురించి భయపడక్కర్లేదు. పది మీటర్లు పైకి నీళ్లు ఎక్కించడానికి దాదాపు 14 పీఎస్ఐ పోతుంది, పైపు రాపిడికి ఇంకొంచెం. మూడో అంతస్తుకి కూడా బ్రష్ దగ్గర ధార బాగానే ఉంటుంది. పంపుకి ఐదుకి నాలుగు మార్కులు. ఒక మార్కు తగ్గించింది దాని ప్లాస్టిక్ నాజిల్ గురించి. క్లిప్పు కాస్త గట్టిగా బిగించగానే ఒకటి పుటుక్కున విరిగింది.

తిప్పలంతా మొదటి రోజు పనిలో వచ్చింది. ఒక క్లినిక్ ముందు బండి పెట్టి స్విచ్ వేశా. పంపు టక్ అని ఆగింది. మళ్లీ తిరిగింది. టక్. మళ్లీ తిరిగింది. బ్రష్ మీద ధార కూడా దానితోపాటే ఎక్కిళ్లు పెట్టినట్టు వస్తోంది. వాచ్‌మన్ వచ్చి “అన్నా, కరెంటు ప్రాబ్లమా?” అన్నాడు. సంగతేమిటంటే పంపు నాలుగు లీటర్లు తోస్తోంది, బ్రష్‌కి ఉన్న రెండు సన్న జెట్లు రెండు లీటర్లే బయటికి వదులుతున్నాయి. మిగతా నీళ్లకు దారి లేక పైపులో ఒత్తిడి పెరగడం, స్విచ్ కోసేయడం, ఒత్తిడి తగ్గగానే మళ్లీ వేయడం. ఇలా గంటకు వందల సార్లు కొట్టుకుంటే ఆ స్విచ్ లోపలి పాయింట్లు ఎన్నాళ్లుంటాయి? నాది పంతొమ్మిదో రోజుకి కాలిపోయింది.

మొదట ఒకాయన సలహా మీద టీ జాయింట్ పెట్టి, ఎక్కువైన నీళ్లు తిరిగి డబ్బాలోకి పోయేలా చేశా. టక్‌టక్ ఆగింది గానీ తోడిన నీళ్లనే మళ్లీ తోడుతూ బ్యాటరీ తినేసేది. తర్వాత మోటారు వేగం తగ్గించే పీడబ్ల్యూఎం కంట్రోలర్ వేశా, 260 రూపాయలు. ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి చిన్న నాబ్. సగానికి తిప్పితే నిమిషానికి లీటరున్నరకు కాస్త అటూ ఇటూగా వస్తుంది, పంపు మెల్లగా గురక పెట్టినట్టు తిరుగుతుంది, స్విచ్‌కి పనే పడదు. మొత్తం బండిలో పెట్టిన ప్రతి పైసాకీ బదులు చెప్పిన వస్తువు ఇదే. పంపుతోపాటే కొనండి, నాలాగా ఒక స్విచ్ కాల్చుకున్నాక కాదు. నాబ్‌ని మరీ కిందికి తిప్పితే మాత్రం మోటారు కదలకుండా మూలుగుతూ వేడెక్కుతుంది, అది గమనించుకోవాలి.

బ్యాటరీ దగ్గర రెండుసార్లు బోల్తా పడ్డా. మొదట యూపీఎస్‌లో వాడే లెడ్ బ్యాటరీ, 12 వోల్టులు 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇస్తుందో చెప్పే లెక్క), 1,050 రూపాయలు. మోటారు ఇప్పుడు మూడు ఆంపియర్ల లోపే లాగుతుంది కదా, రెండు గంటలు వస్తుందనుకున్నా. లెక్కకు వస్తుంది కూడా. కానీ లెడ్ బ్యాటరీని రోజూ అడుగు దాకా వాడితే తొందరగా చచ్చిపోతుంది, సగం దగ్గర ఆపేయాలి. నేను ఆపలేదు. సగంలో ఉన్న పని వదిలేసి ఎవడు వస్తాడు? నాలుగు నెలలకు పావుగంట కూడా రావట్లేదు.

రెండోది ఆన్‌లైన్‌లో లిథియం ప్యాక్. మీద 12 ఏహెచ్ అని ఉంది. నిండా చార్జ్ పెట్టి, మూడు ఆంపియర్ల దగ్గర నాబ్ ఉంచి, ఇంటి ముందు బకెట్‌లోంచి బకెట్‌లోకే నీళ్లు తిప్పుతూ ఫోన్‌లో టైమ్ పెట్టా. గంటా యాభై నిమిషాలకు ఆగిపోయింది. అంటే ఐదున్నర ఏహెచ్. వీడియో పంపితే అమ్మినవాడు “పంపు మంచిది కాదు సార్” అన్నాడు. పద్దెనిమిది రోజులు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పెట్టాక డబ్బు వెనక్కి వచ్చింది. అప్పటి నుంచి ఏ బ్యాటరీ కొన్నా మొదటి రోజే ఈ బకెట్ పరీక్ష పెడుతున్నా. మీరూ పెట్టండి, రిటర్న్ గడువు దాటకముందే.

ఇప్పుడున్నది వరంగల్‌లో ఈ-రిక్షా బ్యాటరీలు కట్టే కుర్రాడి దగ్గర నా కళ్ల ముందు కట్టించుకున్న ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) ప్యాక్. నాలుగు సెల్స్, ఒక్కోటి 3.2 వోల్టులు, కలిపితే 12.8. సెల్స్‌ని కాపాడే బీఎంఎస్ బోర్డుతో కలిపి 4,600. బకెట్ పరీక్షలో మూడు గంటల యాభై నిమిషాలు నడిచింది. పొద్దున పని, మధ్యాహ్నం ఇంకోచోట పని అయ్యాక కూడా మిగులుతుంది. దీనికి 14.6 వోల్టుల చార్జరే వాడాలి, పాత లెడ్ చార్జర్ ఉంది కదా అని తగిలించొద్దు.

బ్యాటరీ, కంట్రోలర్ రెండూ పెట్టడానికి ఇంట్లో ఆవకాయ పెట్టుకునే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా తీసుకున్నా. మూతకి రబ్బరు ఉంటుంది, నీళ్లు పడ్డా లోపలికి పోవు. ఎన్నిసార్లు కడిగినా మూత తీసినప్పుడల్లా ఆవ ఘాటు కొడుతుంది. మా ఆవిడ ఇప్పటికీ ఆ డబ్బా అడుగుతూనే ఉంది. డబ్బాని ట్రాలీ పైభాగంలో కట్టా, పంపుని కిందిభాగంలో. లీకైతే నీళ్లు కిందికే పోవాలి కదా. బ్యాటరీ ప్లస్ వైరుకి జానెడు దూరంలోనే 10 ఆంపియర్ల ఫ్యూజ్ ఉంది. వైరు 2.5 ఎస్‌క్యూఎంఎం (చదరపు మిల్లీమీటర్ల) మందం. మొదట బల్బుకి వాడే సన్న వైరు వేస్తే చేయి పెట్టలేనంత వేడెక్కింది, పంపు నీరసంగా తిరిగింది. 12 వోల్టులే కదా ఏమవుతుందిలే అనుకోకండి, వోల్టులు తక్కువున్న చోటే ఆంపియర్లు ఎక్కువ.

నీళ్ల డబ్బా విషయంలో ఒక నవ్వొచ్చే సంగతి. పాతిక లీటర్ల ప్లాస్టిక్ క్యాను, మూతకి రంధ్రం చేసి పైపు దూర్చి, నీళ్లు ఒలకకూడదని చుట్టూ ఎంసీల్ పెట్టా. పది నిమిషాలకు పంపు గొంతు మారింది. చూస్తే క్యాను డొక్కలు లోపలికి పీక్కుపోయి ఉన్నాయి, రెండు పూటలు తిండి లేని దూడలాగా. నీళ్లు బయటికి పోతున్నాయి, గాలి లోపలికి రావడానికి సందు లేదు. మేకు కాల్చి మూతకి సన్న బెజ్జం పెట్టగానే డబ్ అని మామూలైంది. తెల్ల క్యాను బదులు నల్లదో నీలందో కొనండి. తెల్లదాంట్లో ఎండకు పాచి పడుతుంది, ఆ పాచి పంపు ముందుండే జల్లెడకు అడ్డం పడుతుంది. ట్రాలీ 2,200. చక్రాలు గాలివి కాకుండా గట్టి రబ్బరువి తీసుకున్నా, మన రోడ్ల మీద పంక్చర్ల గొడవ ఎందుకని. నిండు క్యానుతో స్పీడ్ బ్రేకర్ ఎక్కించడం మాత్రం ఇద్దరి పనే.

ఇప్పుడు అసలు సంగతి. పై వస్తువులన్నీ ఒక ఎత్తు, నీళ్లు ఒక ఎత్తు.

మొదట్లో ఒక షాపు పని మా ఇంటి బోరు నీళ్లతో చేశా. తడిగా ఉన్నప్పుడు అద్దం తళతళలాడింది, ఫోటో కూడా తీసుకున్నా. గంట తర్వాత ఎండ పడగానే అద్దం నిండా తెల్ల చుక్కలు, ఎవరో సున్నం చిలకరించినట్టు. షాపాయన ఫోన్ చేసి “కడగక ముందే మంచిగుండె” అన్నాడు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు కరిగి ఉంటాయి. నీళ్లు ఆవిరైపోతే ఉప్పు ఎక్కడికి పోతుంది? అద్దం మీదే ఉంటుంది. నీళ్లలో కరిగినవి ఎంతున్నాయో చూపే 250 రూపాయల టీడీఎస్ మీటర్ పెట్టి చూస్తే మా బోరు 940 చూపించింది. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణమే 500, వేరే నీళ్లు దొరకని చోట 2,000 దాకా సర్దుకుంటారు. అద్దం మాత్రం ఏమీ సర్దుకోదు. తుడవకుండా వదిలేసినా మచ్చ పడకూడదంటే ఆ అంకె పది లోపే ఉండాలి.

వాటర్ ప్లాంట్ క్యాను నీళ్లు కొలిస్తే 45 వచ్చింది. పర్లేదనిపిస్తుంది గానీ నల్ల అద్దం మీద సన్నగా చారలు కనిపిస్తాయి. ఏసీ నుంచి కారే నీళ్లు కొలిచి చూశా, భలే తక్కువ ఉంది. కానీ ఏసీ కింద బకెట్ పెట్టుకుని ఎన్ని రోజులు కూర్చుంటాం? చివరికి డీఐ రెసిన్ కొన్నా. చేప గుడ్ల లాంటి సన్న పూసలు. నీళ్లలో మిగిలిన ఉప్పుల్ని ఇవి పట్టేసుకుంటాయి. ఆర్ఓ ఫిల్టర్‌కి వాడే పదంగుళాల హౌసింగ్‌లో పోసి, ప్లాంట్ నీళ్లని రాత్రిపూట దాని గుండా మెల్లగా వదులుతా. పొద్దున మీటర్ పెడితే 2, ఒక్కోసారి 1. దాంతో కడిగితే వైపర్ అక్కర్లేదు, గుడ్డ అక్కర్లేదు. బ్రష్‌తో రుద్ది, పైనుంచి కిందికి జారేలా నీళ్లు వదిలి వచ్చేయడమే. అలా ఆరిన అద్దాన్ని మొదటిసారి చూసినప్పుడు నేను వేలితో తాకి చూశా, అద్దం ఉందా లేదా అని.

ఇక్కడ ఒక లెక్క తెలిస్తే చాలా డబ్బు మిగులుతుంది. ప్లాంట్ నీళ్లతో నాకు లీటరు రెసిన్ దాదాపు 500 లీటర్లు ఇస్తోంది. అదే రెసిన్ మీద 940 ఉన్న బోరు నీళ్లు పోస్తే ఒక్క క్యానుకే తీరిపోతుంది. పట్టుకోవాల్సిన ఉప్పు ఇరవై రెట్లు కదా. కాబట్టి ముందు ఆర్ఓ, ఆ తర్వాతే రెసిన్. ఇంట్లో ఆర్ఓ మిషన్ ఉంటే దాన్నుంచీ పట్టుకోవచ్చు, కాకపోతే రుచి కోసం కొంత మామూలు నీళ్లు కలిపే నాబ్ చాలా మిషన్లలో ఉంటుంది. అది మూసుకోవాలి. రుచి మనకు, అద్దానికి కాదు.

నీళ్లు సరైనవైనా కొన్నిసార్లు చారలు వస్తాయి. అప్పుడు తప్పు పై ఫ్రేమ్‌ది. అద్దం తళుక్కుమన్నాక పైన రబ్బరు బీడింగ్‌లో ఇరుక్కున్న దుమ్ము బొట్లు బొట్లుగా కిందికి కారుతుంది. ముందు ఫ్రేమ్ అంతా కడిగి, పక్క కిటికీకి పోయి, అది కారడం ఆగాక వెనక్కి వచ్చి అద్దం కడుగుతా. పెయింట్ చుక్కలు, సిమెంటు మచ్చలు ఈ బండితో పోవు. ఏళ్ల తరబడి బోరు నీళ్లతో కడిగి కడిగి అద్దంలోకి దిగిపోయిన తెలుపు కూడా పోదు. ఇది పని ఒప్పుకునేటప్పుడే చెప్పేయడం మేలు, లేకపోతే డబ్బులిచ్చేటప్పుడు వాళ్లు మనకు చెబుతారు.

పోల్ గురించి ఎక్కువ రాయను, ఎందుకంటే నాది అంత మంచిది కాదు. ఇరవై అడుగుల అల్యూమినియం టెలిస్కోపిక్, సోలార్ బ్రష్‌తో కలిపి 3,400. పూర్తిగా చాపితే గాలికి ఊగుతుంది, సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి. కార్బన్ ఫైబర్‌వి తేలిగ్గా ఉంటాయట, ధర మాత్రం ఇప్పట్లో నాకు అందదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతా: బాల్కనీ పక్క నుంచి కరెంటు తీగలు పోయే ఇళ్లు మన ఊళ్లలో బోలెడు. చేతిలో తడి అల్యూమినియం గొట్టం పెట్టుకుని వాటి దగ్గరికి పోవద్దు. కార్బన్‌లోంచీ కరెంటు పారుతుంది. వేలు ఎక్కువిస్తామన్నా అలాంటి ఇళ్లు రెండు వదులుకున్నా.

2024లో సూర్యఘర్ పథకం వచ్చాక ఇళ్ల మీద సోలార్ పెరిగింది, వాటికి ఈ బండి అద్దాల కంటే బాగా పనికొస్తోంది. బండి కిందే ఉంచి, ముప్పై మీటర్ల పైపు ఒక్కటే మెట్ల మీదుగా డాబా పైకి తీసుకుపోతా. నిండు క్యాను మోసుకుంటూ మెట్లెక్కే బాధ లేదు. పొద్దున ఏడు లోపే వెళ్తా. మధ్యాహ్నం కాలే ప్యానెల్ మీద చల్లటి నీళ్లు కొట్టకూడదు, అద్దం పగిలే ప్రమాదం ఉంది.

మొత్తం ఖర్చు, తప్పులన్నీ తీసేసి చూస్తే, పంపు, కంట్రోలర్, బ్యాటరీ, చార్జర్, ట్రాలీ, పైపు, పోల్, రెసిన్ హౌసింగ్ కలిపి పదిహేడు వేల చిల్లర. తప్పులతో కలిపి మా ఆవిడకు చెప్పిన లెక్క వేరు.

గత వారం పంపు తలకాయ దగ్గర సన్నగా చెమ్మ కనిపించింది. డయాఫ్రం అరిగిందని అర్థం. కిట్ 280 రూపాయలు, నాలుగు స్క్రూలు విప్పి మార్చుకోవడమే. అయినా ఇంకో కొత్త పంపు కొని సంచిలో పెట్టుకున్నా, పని మధ్యలో ఆగిపోతే క్లినిక్ వాళ్ల ముందు నిలబడలేను. పాత లెడ్ బ్యాటరీని బాపు ఊరికి పట్టుకుపోయాడు. పావుగంట కూడా రాదని చెప్పినా వినలేదు. “ఒక్క డబ్బ మందు కొట్టనీకి అయితది తియ్” అన్నాడు.